సంతకం పెట్టమంటున్నారు, ఆ మలుపులో నిలబడేవాళ్లలో ఒకామె నాకు తెలుసు

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా పెద్దది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆవిడది నగరంలో బస్టాండు వెనక ఉన్న ఒక కాలనీ. సొంత ఇల్లు, ఇంకా లోను కడుతున్నారు. భర్తది షిఫ్టు ఉద్యోగం, వారంలో సగం రాత్రులు ఇంట్లో ఉండరు. కూతురికి పదిహేడేళ్లు, ఇంటర్ చదువుతోంది. కాలనీలోకి తిరిగే మలుపులో రెండేళ్లుగా, చీకటి పడ్డాక కొందరు ఆడవాళ్లు నిలబడుతున్నారు. పక్క సందులో ఒక లాడ్జి ఉంది, అక్కడి నుంచి చూస్తే బడి గోడ కనిపిస్తుంది. బైకులు ఆగడం, బేరాలు, ఒక్కోసారి తాగి గొడవలు, తెల్లారితే గోడ పక్కన సీసాలు. స్టేషన్‌కి చాలాసార్లు వెళ్లారు. "బందోబస్తు డ్యూటీలున్నాయమ్మా, చూస్తాం" అంటారు. అప్పుడప్పుడు వ్యాన్ వచ్చి దొరికిన ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది, రెండు మూడు రోజులకి మళ్లీ అందరూ అక్కడే ఉంటారు. లాడ్జి వైపు మాత్రం ఎవరూ వెళ్లిన దాఖలా లేదు.

పోయిన నెల ట్యూషన్ నుంచి వస్తున్న కూతురి పక్కన ఒకడు బైకు ఆపి "ఎంత?" అన్నాడు. పిల్ల పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది, అప్పటినుంచీ ట్యూషన్ మానేస్తానంటోంది. ఈ సంగతి బయటపడగానే కాలనీ సంఘం గట్టిగా కదిలింది. వాట్సాప్ గ్రూపులో ఆ ఆడవాళ్ల ఫోటోలు పెడుతున్నారు. వాటిలో ఒకటి బట్టల దుకాణంలో పని ముగించుకుని ఆటో కోసం నిలబడ్డ అమ్మాయిదని తర్వాత తేలింది, ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సంఘం అధ్యక్షుడు "మా కాలనీని శుభ్రం చేయండి" అని ఒక పిటిషన్ రాయించి, ఆడపిల్ల తల్లి కాబట్టి మొదటి సంతకం ఈవిడనే పెట్టమంటున్నారు. రైడ్ చేయిస్తామని, దానికి ఒక ఆడ సాక్షి కావాలట కాబట్టి అదీ ఈవిడే అని తేల్చేశారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ నిలబడేవాళ్లలో ఒకామె ఈవిడకు బాగా తెలుసు. అత్తగారు మంచాన పడ్డప్పుడు నెలల తరబడి ఇంట్లో ఉండి చూసుకున్న మనిషి. "ఆమె లేకపోతే మా అత్తగారికి ఒళ్లంతా పుళ్లు పడేవి. ఇప్పుడు నన్ను చూస్తే చున్నీ ముఖం మీదికి లాక్కుంటోంది. సంతకం పెడితే ఆమెను నా చేత్తో వ్యాన్ ఎక్కించినట్టే. పెట్టకపోతే మా ఆయనే 'నీకు కూతురి కన్నా వాళ్ల మీద జాలి ఎక్కువైందా' అంటున్నాడు. ఇల్లు అమ్మేసి పోదామంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?"

మీ చుట్టూ ఉన్నవాళ్లు మిమ్మల్ని 'కూతురు కావాలా, ఆమె కావాలా' అని నిలదీస్తున్నారు. మీరు కూడా అదే లెక్కలో పడి నిద్ర పాడుచేసుకుంటున్నారు. ఆ లెక్కే తప్పు. మీ అమ్మాయిని "ఎంత" అని అడిగింది మలుపులో నిలబడ్డ ఆడది కాదు, బైకు మీద వచ్చిన మగాడు. మీరు పంపిన పిటిషన్ కాపీ రెండుసార్లు చదివాను. 'అసాంఘిక కార్యకలాపాలు', 'గౌరవనీయమైన కుటుంబాలు', 'శుభ్రం' అన్నీ ఉన్నాయి. ఆ బైకు వాడు లేడు, లాడ్జి పేరు లేదు, ఏ తేదీన ఏ టైముకి ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. రెండు పేజీల కాగితంలో పోలీసులు చేయగలిగిన పని ఒక్కటే కనిపిస్తోంది, వ్యాన్ పంపడం. అది వాళ్లు ఎలాగూ చేస్తున్నారు.

ఎందుకు అదొక్కటే చేస్తున్నారో ముందు చెబుతాను, అది అర్థమైతే మిగతాది సులువు. వ్యభిచార వ్యాపారాన్ని అరికట్టడానికని తెచ్చిన, స్టేషన్లలో పీటా అని పిలిచే చట్టం 1956 నాటిది, 1978లో, 1986లో సవరించారు. చాలామంది అనుకుంటున్నట్టు కాదు, వయసొచ్చిన ఒక మనిషి తన ఇష్టంతో, తనంతట తాను డబ్బు తీసుకుని ఇంకొకరితో ఉండటాన్నే ఆ చట్టం నేరమనదు. దాని చుట్టూ ఉన్నవాటిని నేరమంటుంది. బ్రోతల్, అంటే వ్యభిచార గృహం నడపడం, తెలిసీ దానికి ఇల్లు అద్దెకివ్వడం, ఇంకొకరి సంపాదన మీద బతకడం, మనుషుల్ని తెచ్చి దించడం, కదలనివ్వకుండా ఉంచడం, రోడ్డు మీద నిలబడి పిలవడం, బడికీ గుడికీ హాస్టల్‌కీ ఆసుపత్రికీ 200 మీటర్ల లోపల చేయడం. ఇవీ నేరాలు.

ఇప్పుడు మీ ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చుని చూడండి. లాడ్జి మీదికి వెళ్లాలంటే, వారంట్ లేకుండా సోదా చేసే అధికారం ఆ చట్టం కింద ప్రత్యేకంగా నియమించిన అధికారికే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గకూడదు. ఎందుకు అనుమానం వచ్చిందో ముందే కాగితం మీద పెట్టాలి. వెంట కనీసం ఇద్దరు మహిళా పోలీసులుండాలి. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు ఆడమనిషి. దొరికినవాళ్లను మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, వాళ్లకు వైద్య పరీక్ష చేయించాలి, వయసు తేల్చాలి. వీటిలో ఒక మెట్టు జారినా లాడ్జి ఓనరు లాయర్ని పెట్టుకుని కేసు కొట్టేయించుకోవడానికి హైకోర్టుకి వెళతాడు, అతనికి ఆ స్థోమత ఉంటుంది. మరి మలుపులో నిలబడ్డ నలుగురి సంగతి? వ్యాన్ ఎక్కించి, రోడ్డు మీద పిలుస్తున్నారని సెక్షన్ 8 కింద రాసి, కోర్టులో ఫైను కట్టిస్తే ఒక పూటతో పనైపోతుంది. కాలనీ వాళ్ల కళ్లకు వ్యాన్ కనిపిస్తుంది, రిజిస్టర్లో అంకె పడుతుంది, ఇక్కడ లాయరుతో వచ్చేవాడు ఎవడూ లేడు.

అంటే మీ స్టేషన్ వాళ్లు పని చేయడం లేదని కాదు, ఉన్న పనుల్లో అన్నిటికన్నా సులువైనది ఎంచుకుంటున్నారు. మొదటిసారి దొరికితే ఆ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు ఫైను, లేదా రెండూ. ఫైనుతో పోయినా, ఫైనూ ఆ మధ్యలో అయ్యే ఖర్చులూ ఆమె ఎక్కడ సంపాదించి కట్టాలి? మళ్లీ అదే మలుపులో. వాళ్లు రెండు మూడు రోజులకి వచ్చేస్తున్నారని మీరు రాశారు, ఎందుకొస్తున్నారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

కాబట్టి ఆ పిటిషన్ మీద ఉన్నదున్నట్టు సంతకం పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఈసారి వ్యాన్ కాస్త పెద్దది వస్తుంది, టీవీ వాళ్లు కూడా రావచ్చు. మీకు తెలిసినామె అందులో ఉండొచ్చు. పట్టుకెళ్లిన ఆడవాళ్లను మెజిస్ట్రేట్ విచారణ తర్వాత సంరక్షణ గృహానికి పంపే వీలు ఆ చట్టంలో ఉంది, అది ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉండొచ్చు. 'పట్టించి బాగు చేయిద్దాం' అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఆమెకు పిల్లలుంటే వాళ్లు బయట, ఆమె లోపల. మలుపు మాత్రం కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది, తర్వాత కొత్త ముఖాలతో నిండుతుంది, లేదా రెండు వీధుల అవతల ఇంకో కాలనీ వాళ్లు ఇలాంటి ఉత్తరమే రాస్తారు. గోవాలో బైనా బీచ్ దగ్గర దశాబ్దాలుగా ఉన్న రెడ్‌లైట్ వాడను కోర్టు ఆదేశాల తర్వాత 2004లో కూల్చేశారు. అక్కడున్నవాళ్లలో మన ఆంధ్ర నుంచి, కర్ణాటక నుంచి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. గుడిసెలు పోయాయి, మనుషులు చెదిరిపోయారు, వృత్తి మాత్రం చుట్టుపక్కలంతా పరుచుకుంది. దీనికి పూర్తిగా ఎదురుగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో హోల్‌బెక్ అనే పేటలో 2014 నుంచి రాత్రి ఫలానా గంటల మధ్య ఫలానా వీధుల్లో అయితే పట్టుకోం అని పోలీసులు, నగరపాలక సంస్థ కలిసి ఒక పద్ధతి పెట్టారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మా బతుకేం కావాలని ఏళ్ల తరబడి కొట్లాడితే 2021లో ఎత్తేశారు. తరిమేయడమూ, వదిలేయడమూ రెండూ చూశారు జనం. మీ మలుపుకి ఒక్క సంతకంతో పరిష్కారం వస్తుందని మీ అధ్యక్షుడు అనుకుంటే అది ఆయన ఆశ.

అసలు సంతకం పెట్టకుండా ఊరుకోవడం రెండో దారి. మీ మనసుకి ఇది తేలిక అనిపించొచ్చు. కానీ మీరు ఊరుకున్నా పిటిషన్ ఆగదు, మీ పేరు లేకుండా వెళుతుంది, అందులోని మాటలు అవే ఉంటాయి. పైగా మీ అమ్మాయి విషయం గాలికి పోతుంది. కాలనీలో నాలుగు మాటలు పడటం పెద్ద సంగతి కాదు, పది రోజులు అనుకుని మర్చిపోతారు. మీ ఇంట్లో ఆ మాటే మిగిలిపోతే కష్టం.

మూడోది, నేనైతే మొగ్గేది, కాగితాన్ని తిరగరాయించడం. ఇప్పుడు మిమ్మల్నే మొదటి సంతకం అడిగే స్థితి వచ్చింది కదా, అంటే మీకు కొంత పట్టు కూడా వచ్చిందన్నమాట. 'సంతకం పెడతాను, కానీ ఇలా కాదు' అనండి. ఒకే పిటిషన్‌లో అన్నీ కలిపి వండితే స్టేషన్ వాళ్లు అందులోంచి సులువైన ముక్క ఏరుకుంటారు. విడదీసి ఇవ్వండి.

లాడ్జి మీద ఒకటి. ఇందులో ఆడవాళ్ల పేర్లు, గుర్తులు ఏమీ అక్కర్లేదు. లాడ్జి పేరు, బడికి ఎంత దూరం, ఏ తేదీల్లో ఏ టైముకి ఎలాంటి రాకపోకలు చూశారు, గొడవ జరిగిన రోజు 112కి ఫోన్ చేశారా, ఎవరొచ్చారు. లోపల ఏం జరుగుతోందో మీరు చూడలేదు కాబట్టి 'వ్యభిచారం జరుగుతోంది' అని తీర్పులు రాయకండి, చూసింది రాయండి. ఇంకా గట్టిగా ఉంటుంది, రేపు ఓనరు పరువు నష్టం అన్నా తట్టుకుంటుంది. ఈ చట్టంలో లాడ్జీల గురించి ప్రత్యేకంగా ఉంది, చాలామందికి తెలియదు. బడికి 200 మీటర్ల లోపు తమ జాగాలో తెలిసి ఇలాంటిది జరగనిస్తే శిక్షతోపాటు హోటల్ లైసెన్సును మూడు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు సస్పెండ్ చేయొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు అక్కడ దొరికితే లైసెన్సు రద్దే చేయొచ్చు. అది గాక, 200 మీటర్ల లోపు ఉన్న అలాంటి జాగాకు మెజిస్ట్రేట్ నోటీసిచ్చి, వారంలో సంజాయిషీ అడిగి, మూయించొచ్చు. ఆ సమాచారం పోలీసులే ఇవ్వాలని లేదు, ఎవరైనా ఇవ్వొచ్చు. మీ కాలనీ వాళ్లు ఇన్నాళ్లూ తట్టని తలుపు ఇది. లాడ్జి ఓనరుకి పలుకుబడి ఉండొచ్చు, కాలనీ సంఘంలోనే అతనికి కావలసినవాళ్లు ఉండొచ్చు. పిటిషన్‌లో లాడ్జి పేరు ఎందుకు లేదో మీ అధ్యక్షుణ్ని మెత్తగా అడిగి చూడండి, జవాబు ఆసక్తికరంగా ఉంటుందని నా అనుమానం.

ఇది పెట్టినందువల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. ఒంటరిగా ఒక ఇంటి పేరుతో వెళితే బెదిరింపులు రావచ్చు. అందుకే ఇది సంఘం లెటర్‌హెడ్ మీద, పదిమంది సంతకాలతో వెళ్లాలి. లాడ్జి మూతపడితే లోపల గదులు దొరకని ఆడవాళ్లు మరింత చీకటి జాగాలకు పోతారు, వాళ్లకు ప్రమాదం పెరుగుతుంది. అది కూడా నిజమే. ఏ దారిలోనూ ఎవరికీ నష్టం లేకుండా ఉండదు, కనీసం లాభం తింటున్నవాడి దగ్గర మొదలుపెడుతున్నాం.

బైకుల మీద ఇంకొకటి. ఇది రోడ్డు సమస్య, ఆడపిల్లల సమస్య. ఫలానా గంటల మధ్య పోలీసు బీటు కావాలి, మలుపులో కెమెరా కావాలి, వచ్చేపోయే ఆడవాళ్లను ఆపి అడిగేవాళ్ల మీద కేసులు కావాలి. మున్సిపాలిటీకి వీధి దీపం కోసం విడిగా అర్జీ. తెలంగాణలో అయితే ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు 2014 నుంచి ఉన్నాయి, మఫ్టీలో నిలబడి పట్టుకోవడం వాళ్ల పద్ధతే. వ్యాన్ రావాల్సింది ఎవరికోసమో చెప్పడం మన పని. ఒక సంగతి గమనించండి. మీ మలుపులో బైకు ఆపినవాడికి తన పేరు స్టేషన్ రికార్డులో పడుతుందనే భయం ఫైను కట్టే ఆమెకన్నా ఎక్కువ, ఎందుకంటే అతనికి ఇల్లుంది, ఆఫీసుంది, అత్తవారిల్లుంది.

మీ అమ్మాయి విషయం ఈ రెండిట్లోనూ కలపకండి. ఆమెకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి వాడన్న మాట పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కిందికి వస్తుంది, లైంగిక వేధింపుకి మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఇలాంటి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో తేల్చింది. పిల్లను స్టేషన్‌కి తీసుకెళ్లనక్కర్లేదు. ఇంటి దగ్గరే, వీలైనంతవరకు మహిళా ఎస్ఐ, యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. పేరు బయటికి రాకూడదు. ఇక్కడే మీ కాలనీ చేస్తున్న పని నాకు అసలు నచ్చలేదు. 'ఆడపిల్ల తల్లి' అని మీతో మొదటి సంతకం పెట్టించి ఊరంతా తిప్పితే ఏ ఆడపిల్లో అందరికీ తెలిసిపోదా? కానీ కేసు పెట్టడం వల్ల పిల్లకు మళ్లీ మళ్లీ ఆ మాట చెప్పాల్సి వస్తుంది, రేపు కోర్టులో కూడా. బండి నంబరు తెలియకపోతే వాడు దొరకడం కష్టం, నెల దాటింది కాబట్టి కెమెరాలో ఉన్నది చెరిగిపోయి ఉండొచ్చు. కాబట్టి ఆమెను కూర్చోబెట్టి, 'నువ్వు చెప్పాలనుకుంటున్నావా, నాకిలా జరిగిందని రాసి పెట్టుకుంటే చాలా' అని అడగండి. కోపం మీది, భయం ఆమెది. మీ కోపం కోసం ఆమెను నిలబెట్టొద్దు. ట్యూషన్ మాన్పించడం మాత్రం వద్దు. కొన్నాళ్లు ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి వచ్చేలా చూడండి, లేదా మీరే వెళ్లి తీసుకురండి. అది తాత్కాలికమని ఆమెకు చెప్పండి.

స్టేషన్‌లో ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే అదే కాగితాన్ని డీసీపీకి, జిల్లా అయితే ఎస్పీకి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లే దారి కూడా ఉంది. ఇంకోటి, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టించండి: గత మూడేళ్లలో మీ స్టేషన్ పరిధిలో పీటా కింద ఎన్ని కేసులు, సెక్షన్ల వారీగా. బ్రోతల్ నడిపినవాళ్ల మీద ఎన్ని, రోడ్డు మీద పిలిచారని ఎన్ని. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఏసీపీని కలిస్తే మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. 'మీరేం చేయడం లేదు' అంటే వాళ్లకు కోపం వస్తుంది. 'మీరు చేసిందంతా ఈ వైపే ఉంది సార్, ఆ వైపు ఒక్కటీ లేదు' అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

సాక్షి సంగతి. మీ అధ్యక్షుడు చెప్పింది సగం నిజం. సోదాలో ఒక ఆడ సాక్షి ఉండాలి, కానీ ఆమె ఆ ప్రాంతం మనిషే కానక్కర్లేదని చట్టంలోనే స్పష్టంగా ఉంది. మీరే ఉండాలన్నది ఆయన మాట. ఆయన అడిగితే వద్దనే హక్కు మీకుంది. అయితే పోలీసు అధికారి రాతపూర్వకంగా పిలిస్తే, సరైన కారణం లేకుండా రాననడం నేరమవుతుంది, అది మర్చిపోవద్దు. 'నా ఇల్లు ఆ పక్కనే, భర్త రాత్రిళ్లు ఉండడు, ఇంట్లో మైనరు పిల్ల ఉంది, ఇంకెవరినైనా పిలవండి' అని ముందే స్టేషన్‌కి ఒక లెటర్ ఇచ్చి ఉంచండి. ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా చూసుకోండి. పంచనామా మీద సంతకం పెట్టాక కేసు నడిచినన్నాళ్లూ కోర్టు సమన్లు వస్తాయి, ఎదుటి లాయరు మిమ్మల్ని నిలదీస్తాడు, లాడ్జి వాడికి మీ ముఖం గుర్తుంటుంది. మరోవైపు, ఒక్కరైనా మనసున్న ఆడమనిషి లోపల ఉంటే ఆ పట్టుకెళ్లేవాళ్లను కొట్టడానికి, తిట్టడానికి కాస్త వెనకాడతారు. అది కూడా నిజమే. అంత భారం మోయగలరో లేదో మీరే తేల్చుకోవాలి, మోయలేనంటే నేను తప్పు పట్టను.

గ్రూపులో ఫోటోలు మాత్రం ఇవాళే ఆపించండి. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆటో కోసం నిలబడ్డ ఆ అమ్మాయి పరువు నష్టం కేసు వేస్తే అడ్మిన్ ఏం చెబుతాడు? ఆ ఫోటోల్లో ఒక్కరు మైనరని తేలినా, పిల్ల ముఖం బయటపెట్టినందుకు కాలనీ వాళ్లే కేసులో ఇరుక్కుంటారు. సుప్రీంకోర్టు 2022 మే 19న, మన తెలుగువాడైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలో ఇచ్చిన ఆదేశాల్లో, సెక్స్ వర్కర్లను పోలీసులు గౌరవంగా చూడాలని, మాటలతో గానీ చేతలతో గానీ హింసించకూడదని, దాడుల వార్తల్లో వాళ్ల ఫోటోలూ గుర్తులూ బయటపెట్టకూడదని, కండోములను నేరానికి సాక్ష్యంగా చూపకూడదని ఉంది. వయసొచ్చినవాళ్లను ఇష్టం లేకుండా గృహాల్లో పెట్టి ఉంటే సమీక్షించి వదిలేయాలని కూడా చెప్పింది. పత్రికలకే తగదన్నది కాలనీ గ్రూపుకి ఎలా తగుతుంది?

ఇక ఆమె. ఉత్తరంలో మీరు ఆమె గురించి రాసిన భాగమే అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. 'వెళ్లి మాట్లాడనా, ఏదైనా పని చూపించనా, డబ్బివ్వనా' అని అడిగారు. వీధిలో, పదిమంది చూస్తుండగా మాట్లాడకండి. పాత నంబరు ఉంటే ఒకసారి ఫోన్ చేయండి, అత్తగారి క్షేమం చెప్పే వంకతో అయినా సరే. ఆ వృత్తి గురించి మీరు ఎత్తకండి, ఆమె ఎత్తితే వినండి. ఏ ఇంట్లోనైనా పేషెంట్ కేర్ పని ఉంటే చెప్పొచ్చు, కానీ 'ఇది మానేసి అది చెయ్' అని షరతు పెట్టొద్దు. ఆమె లెక్కలు ఆమెకుంటాయి. అప్పులు ఎంతున్నాయో, ఇంటికి ఎంత పంపాలో మనకు తెలియదు. మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఆమె అక్కడ తనంతట తాను ఉందా, ఎవరైనా పట్టి ఉంచారా. సంపాదన వేరేవాళ్లు లాక్కుంటున్నా, ఫోన్ వేరేవాళ్ల దగ్గరున్నా, వెళ్లిపోతానంటే బెదిరిస్తున్నా అది వేరే కథ. అప్పుడు ఆమె సరేనంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ 112కి గానీ చెప్పాలి, మనుషుల అక్రమ రవాణా మీద పనిచేసే పోలీసు విభాగం అందుకే ఉంది. కేసుల్లో ఇరుక్కుని ఉంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100 ఇవ్వండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఆ గుంపులో పద్దెనిమిదేళ్లు నిండనట్టు కనిపించే పిల్ల ఎవరైనా ఉంటే మాత్రం ఎవరి అనుమతీ అడగకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. అది తెలిసీ చెప్పకపోవడం నేరం.

పిటిషన్ వెళ్లబోతోందని ఆమెకు ముందే చెప్పాలా అని కూడా అడిగారు. నేను కాదనను, ఔననను. చెబితే లాడ్జికి కబురు వెళ్లొచ్చు, మీ కాలనీ వాళ్లు మిమ్మల్ని ద్రోహి అనొచ్చు. చెప్పకపోతే మీకు ఆ బాధ ఉంటుంది. కాగితం లాడ్జి మీద, బైకుల మీద ఉంటే ఈ ప్రశ్న బరువు సగం తగ్గుతుంది, అందుకే ముందు కాగితం మార్చమంటున్నాను.

మీ ఆయన ఇల్లు అమ్మేద్దామనడం భయంతో అన్నమాట. పరువు తక్కువ వీధి అని పేరు పడ్డాక అమ్మితే రావాల్సిన ధర రాదు, లోను ఎలాగూ మిగులుతుంది. ఆరు నెలలు ఆగమనండి. ఈలోగా అమ్మాయిని ట్యూషన్ నుంచి తీసుకొచ్చే పని, ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయనకు అప్పజెప్పండి, 'ఏం చేస్తున్నావ్' అని మిమ్మల్ని అడగడం తగ్గుతుంది.

అధ్యక్షుడు కొత్త కాగితానికి ఒప్పుకోకపోతే ఆయనతో పోట్లాట పెట్టుకోవద్దు. ఆ గ్రూపులో మౌనంగా ఉన్న ఆడవాళ్లు ఉంటారు, ఫోటోలు చూసి నొచ్చుకుని నోరెత్తనివాళ్లు. ఒక్కొక్కరికి విడిగా మెసేజ్ పెట్టి చూడండి. నలుగురైదుగురు దొరికితే మీ కాగితం మీరే తీసుకెళ్లొచ్చు, ఇన్‌స్పెక్టర్ లేని టైములో కాకుండా ముందే ఫోన్ చేసుకుని వెళ్లండి.